సమానత్వం మేసేది ఎవరి పొలంలో?

పర్యావరణం ప్రస్తావన వచ్చిన ప్రతి గోష్ఠిలోనూ, ప్రతి వ్యాసంలోనూ చివరికి ఒక వాక్యం వచ్చి కూర్చుంటుంది. ఈ భూమి మీద మనిషికి ఎంత హక్కుందో చీమకూ అంతే హక్కుంది, సకల జీవులూ సమానమే అని. వినడానికి హాయిగా ఉంటుంది. విన్నవారు తలలూపుతారు. చెప్పినవారికి ఖర్చు లేదు, విన్నవారికీ లేదు. సరిగ్గా అందుకే నాకు ఆ వాక్యం మీద అనుమానం. సమానత్వం అనే మాటకు మన చరిత్రలో ఏనాడూ ఇంత తక్కువ ధర పలకలేదు. మనుషుల మధ్య సమానత్వం కోసం తరాల తరబడి జైళ్ళకు వెళ్ళినవారున్నారు, ప్రాణాలిచ్చినవారున్నారు. మనిషికీ చీమకూ మధ్య సమానత్వం మాత్రం ఒక పేరాతో వచ్చేస్తోంది.

నేను ఆ మాటను ఒప్పుకోను. ఒప్పుకోనంటే, మనిషే గొప్ప, తక్కినవన్నీ వాడి కోసమే పుట్టాయి అనే పక్షాన ఉన్నానని కాదు. ఆ పక్షం మా జిల్లాల్లో ఏం చేసిందో కూడా ఇక్కడే చెబుతాను. నా వాదం ఇది: మనిషీ ఇతర ప్రాణులూ సమానమా కాదా అని తేల్చడానికి కూర్చోవడమే పొరపాటు. తేల్చవలసింది, ఆ ప్రాణులు బతకడానికయ్యే ఖర్చు ఏ మనుషులు భరిస్తున్నారన్నది.

మాట గాలిలో తేలిపోకుండా ఒక ఊరి పేరు చెబుతాను. భామిని మండలం, కాట్రగడ. పాత శ్రీకాకుళం జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజన తర్వాత పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. 2023 మే నెలలో అక్కడి పొలాల్లో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో చనిపోయాయి. ఆ ఫోటోలు దేశమంతా చూసింది. అయ్యో అన్నది. అనవలసిందే.

అయితే ఆ ఏనుగుల కథ ఆ రాత్రితో మొదలు కాలేదు. ఒడిశా గజపతి జిల్లా లఖారి లోయ అడవుల వైపు నుంచి 2007లో ఒకసారి, 2018లో మరొకసారి ఏనుగులు సరిహద్దు దాటి మన జిల్లాల్లోకి దిగాయి. 2018లో వచ్చినవి వెనక్కి వెళ్ళలేదు. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస, కురుపాం, భామిని - నాగావళికీ వంశధారకూ నడుమనున్న ఈ మండలాల్లోనే తిరుగుతూ వచ్చాయి. ఎందుకు వెళ్ళలేదంటే, ఏనుగు కూడా లెక్క తెలిసిన జీవే. పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల దాకా మేత కావాలి. అడవిలో అంత మేత కోసం రోజంతా నడవాలి. మన వైపు వరి, చెరకు, అరటి, మొక్కజొన్న ఒక్కచోటే బారులు తీరి ఉంటాయి, పక్కనే నీళ్ళు. ఒక్క రాత్రిలో కడుపు నిండుతుంది. ఆ ఒక్క రాత్రిలోనే ఒక కుటుంబం ఏడాది కష్టం నేలమట్టమవుతుంది. పంట ఒక్కటే అయితే వేరు మాట. గత ఏడెనిమిదేళ్ళలో ఆ ఏనుగుల బారిన పడి పలువురు ప్రాణాలు కూడా కోల్పోయారు. వాళ్ళలో కాపలాకు వెళ్ళినవారూ ఉన్నారు, పొద్దున్నే పొలానికి బయలుదేరినవారూ ఉన్నారు.

ఇప్పుడు ఆ ఊళ్ళలోని ఒక సన్నకారు రైతు ముందు నిలబడి, "బాబూ, నువ్వూ ఏనుగూ సమానమే" అని చెప్పి చూడండి. వాడు మిమ్మల్ని కొట్టడు. ఉత్తరాంధ్రవాడు మర్యాదస్తుడు. "అలాగే బాబూ, మరి నా కళ్ళంలో ఉన్న ధాన్యం కుప్పలో మీ వాటా ఎంత?" అని మాత్రం అడుగుతాడు. ఆ ప్రశ్నకు సకల జీవ సమానత్వ సిద్ధాంతంలో జవాబు లేదు.

ఈ సిద్ధాంతం మనవాళ్ళు ఊరికే పుట్టించినది కాదు, దీని వెనక గట్టి తత్వవేత్తలున్నారు అనేవారి కోసం ఆ పెద్దల దగ్గరికే వెళ్దాం. 1973లో నార్వే తత్వవేత్త ఆర్నే నెస్ 'లోతైన పర్యావరణవాదం' అనే భావనను ప్రతిపాదించాడు. అందులో జీవులన్నిటికీ బతికే హక్కు సమానం అన్నాడు. కాని నిజాయితీపరుడు గనుక, "సూత్రప్రాయంగా" అనే మాట పక్కన చేర్చాడు. ఎందుకంటే మనిషి బతకాలంటే కొంత చంపక, కొంత వాడుకోక తప్పదని ఆయనకు తెలుసు. 1975లో పీటర్ సింగర్ జంతువుల పక్షాన రాసిన పుస్తకం అందరికీ తెలిసిందే. ఆయన కూడా పందికీ మనిషికీ ఒకే రకమైన ఆదరణ ఇమ్మనలేదు. బాధ ఎవరిదైనా బాధే, దాన్ని లెక్కలోకి తీసుకోండి అన్నాడు. 1986లో పాల్ టేలర్ మనిషి ఇతర జీవుల కంటే పుట్టుకతో గొప్పవాడేమీ కాదని వాదిస్తూనే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణ చేసుకోవచ్చని ఒక నియమం పెట్టాడు. అంటే మూలపురుషులు ముగ్గురూ సమానత్వానికి తలుపు తీసి, దాని వెనక గడియ కూడా బిగించారు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ గడియ ఊడిపోయింది, తలుపు మాత్రం మిగిలింది.

ఆ "సూత్రప్రాయంగా" అన్న మాటలోనే అసలు కథంతా ఉంది. సూత్రప్రాయంగా అందరూ సమానమే. ఆచరణలో కొంత నష్టం తప్పదు. ఆ తప్పని నష్టం ఎవరి వాటాకు వస్తుంది? ఓస్లోలో కాదు, హైదరాబాదులో కాదు, విశాఖ బీచి రోడ్డులో కాదు. కొండ వారనున్న సవర, జాతాపు గూడేలకూ, ఆ కింద రెండెకరాల చెరకు వేసుకున్న రైతుకూ వస్తుంది. 1989లో రామచంద్ర గుహ అమెరికా వారి అరణ్య ప్రేమను విమర్శిస్తూ చెప్పినది ఇదే: మనుషులు కిక్కిరిసిన పేద దేశాలలో ఆ సిద్ధాంతాన్ని యథాతథంగా దింపితే, అది పేదవాడి దగ్గర తీసుకుని ఉన్నవాడికి పెట్టడమవుతుందని.

ఇది ఊహ కాదు. 2013 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు గిర్ సింహాల కేసులో, మనిషిని కేంద్రంగా పెట్టుకునే దృష్టి విడిచి ప్రకృతిని కేంద్రంగా పెట్టుకోవాలని చెబుతూ, కొన్ని సింహాలను మధ్యప్రదేశ్‌లోని కునోకు తరలించమన్నది. ఉదాత్తమైన తీర్పు. కాని ఆ సింహాల కోసమని కునో అడవి నుంచి అంతకు చాలా ముందే 24 ఊళ్ళను ఖాళీ చేయించారు. అందులో ఎక్కువమంది సహరియా గిరిజనులు. ఊళ్ళు లేచిపోయాయి, సింహాలు రాలేదు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి చీతాలు వచ్చాయి. సింహం మనిషితో సమానమా అన్న ప్రశ్నకు కోర్టులో జవాబు దొరికింది గాని, సహరియా మనిషి గుజరాత్ ప్రభుత్వంతోనో ఢిల్లీ అధికారితోనో సమానమా అన్న ప్రశ్నను ఎవరూ అడగనే లేదు.

ఇక్కడికి వచ్చేసరికి రెండో పక్షంవారు సంతోషించి, "అదే మేమూ అంటున్నాం, ముందు మనిషి, తర్వాతే పిట్టా పులీ" అంటూ నా పక్కన కుర్చీ వేసుకోబోతారు. వారిని దయచేసి లేవమంటున్నాను. వారి లెక్కలు కూడా మా జిల్లాలోనే ఉన్నాయి.

సోంపేట బీల అని ఒక చిత్తడి నేల ఉంది. నీళ్ళు నిలిచే నేల, చేపలు దొరికే నేల, చుట్టూ పొలాలకు తడి ఇచ్చే నేల, వలస పక్షులు దిగే నేల. బొగ్గు విద్యుత్ కేంద్రం కోసం చూసినవారి కాగితాల్లో అది పనికిరాని భూమి అయింది. మానవ అవసరం అన్నారు, అభివృద్ధి అన్నారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి, రైతులు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఏడాది తిరగకుండా, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర భూముల దగ్గర అదే కథ, అవే తూటాలు, మళ్ళీ చావులు.

ముందు మనిషి అన్నవారే మనిషిని కాల్చారు. ఈ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదవమని కోరుతున్నాను. అక్కడ పిట్టా మనిషీ ఎదురెదురుగా లేరు, ఒకే నీటిలో ఒకే వైపు నిలబడి ఉన్నారు. బీల పోతే కొంగ పోతుంది, రైతూ పోతాడు, చేపలు పట్టే కుటుంబమూ పోతుంది. "మానవ అవసరం" అనే మాటలోని మానవుడు సోంపేటవాడు కాడు. కాబట్టి సకల జీవులూ సమానమనేవారూ, మనిషే ముందనేవారూ పైకి శత్రువులుగా కనిపించినా ఒక విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు: ఇద్దరూ 'మనిషి' అనే ఒకే ఒక్క మనిషి ఉన్నాడనుకుంటున్నారు. ఉద్దానంలో పుట్టినవాడికీ, ప్రాజెక్టు కాగితం మీద సంతకం పెట్టినవాడికీ తేడా చూడరు.

మరి నీ సిద్ధాంతం ఏమిటి అని అడుగుతారు. సిద్ధాంతమనేంత పెద్దది కాదు. మనిషీ ఏనుగూ సమానం కావు; అయితే ఆ తేడా విలువలో కాదు, జవాబుదారీలో. ఏనుగును కోర్టుకు పిలవలేం. కాట్రగడ కరెంటు తీగకు అది బాధ్యురాలు కాదు, తాను తొక్కిన మడికీ కాదు. రెండిటికీ జవాబు చెప్పవలసింది మనమే. అన్ని జీవులలోకీ జవాబు చెప్పగలిగినది మనిషి ఒక్కడే గనుక, భారం వాడి మీద ఎక్కువ పడుతుంది. ఇది గొప్పతనం కాదు, అప్పు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. పసిబిడ్డ కూడా దేనికీ జవాబు చెప్పలేదు కదా, ఆ బిడ్డ మనతో సమానం కాదంటావా? అనను. అందుకే విలువ జోలికి పోవడం లేదు. ప్రాణాలను తూచి ఇది ఇంత, అది అంత అని చెప్పే త్రాసు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. త్రాసు లేదన్న మాట రెండు పక్షాలకూ వర్తిస్తుంది: ఎక్కువ తక్కువలు తేల్చలేనప్పుడు సమానమని తేల్చడం కూడా కుదరదు. నా ఇంట్లో నా బిడ్డకు ముందు అన్నం పెడతాను. అంతమాత్రాన పక్కింటి బిడ్డ కంచం లాక్కునే హక్కు నాకు రాదు. ఇద్దరి ఆకలీ సమానమని ప్రకటించి ఎవరికీ వండకుండా కూర్చుంటే అంతకంటే అన్యాయం ఇంకొకటి లేదు.

మన రాజ్యాంగం ఈ తేడాను ఎంత శ్రద్ధగా పాటించిందో చూడండి. 14వ అధికరణంలో సమానత్వం ఉంది, అది మనుషులకు. 1976లో 42వ సవరణతో వచ్చిన 51ఎ(జి)లో ప్రాణుల పట్ల కరుణ ఉంది. అది పౌరుడి విధి. ప్రాణులను సమానులన్నది లేదు, మనకు కర్తవ్యం ఉందన్నది. బాగుంది. కాని ఏనుగు పంట తొక్కినా, మనిషిని చంపినా ప్రభుత్వం ఇచ్చే డబ్బుకు వాడుకలో ఉన్న పేరు ఎక్స్‌గ్రేషియా. ఆ లాటిన్ మాటకు అర్థం అనుగ్రహంగా ఇచ్చేది అని. అంటే ఏనుగు పట్ల మనది విధి, రైతు పట్ల మనది దయ. తలకిందులైన ఈ ఒక్క మాటలో మన పర్యావరణ నీతి మొత్తం కనిపిస్తుంది నాకు.

రైతు పొలం మూడు పంటల పాటు ఏనుగుకు మేతబీడు అయితే, ఆ పొలాన్ని జాతి అద్దెకు తీసుకున్నట్టే. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించుకున్నాం. వారసత్వం జాతి అందరిదీ అయినప్పుడు దాని మేత ఖర్చు కొమరాడ మండలం ఒక్కదానిది ఎలా అవుతుంది? అద్దెను దయగా ఇవ్వరు. గడువుకు ఇస్తారు, మార్కెట్టు ధరకు ఇస్తారు, ఇవ్వకపోతే అడిగే హక్కు ఉంటుంది. అరటి చెట్టు పోతే చెట్టుకూ, జీడిమామిడి పోతే అది మళ్ళీ కాపుకు వచ్చే ఏళ్ళకూ కలిపి లెక్క కట్టాలి. ఏనుగుల వెంట రాత్రింబగళ్ళు తిరిగి ఊళ్ళను హెచ్చరించే ట్రాకర్లు ఆ చుట్టుపక్కల పిల్లలే. వారికి నెలనెలా జీతమూ, బీమా ఉండాలి. ఏనుగులు తిరిగే దారుల్లో వేలాడే తీగలను ఎత్తి కట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్లకు కంచె వేయాలి. మన దేశంలో ఏనుగుల అసహజ మరణాలకు పెద్ద కారణం కరెంటే. ఈ పనులకు తత్వశాస్త్రం అక్కరలేదు, స్తంభాలూ తీగలూ కావాలి. ఆ డబ్బు ఏనుగును ప్రేమించే మనందరి కరెంటు బిల్లులోంచి వస్తే మరీ మంచిది.

ఇది మనిషి అహంకారమే, యజమాని పోయి ధర్మకర్త వచ్చాడు అనేవారుంటారు. అహంకారం ఎక్కడుందో చూడాలంటే టెక్కలి మండలం తేలినీలాపురం వెళ్ళాలి. ఏటా చలికాలం ముందు గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊరి చెట్ల మీద గూళ్ళు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గాని, ఆ గూడబాతు దక్షిణాసియా పక్షే. పరాయి దేశపు చుట్టం అనుకుంటేనే మనకు ముచ్చట కాబోలు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. అవి వస్తే ఊరికి మంచిదని నమ్ముతారు. ఆ ఊళ్ళలో ఎవరూ కొంగ మాతో సమానమని అనరు. మా ఊరికి వచ్చింది, మా పూచీ అంటారు. విజయనగరం పైడితల్లి సిరిమాను కోసం ఏటా చింతచెట్టును కొడతారు. కొట్టే ముందు పూజ చేస్తారు, మొక్కుతారు. చెట్టు సమానమైతే కొట్టకూడదు. వట్టి కలప అయితే మొక్కనక్కరలేదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న చోటును మా జిల్లావారు ఏ గ్రంథమూ చదవకుండానే కనిపెట్టారు.

కాని ఈ ఊళ్ళను చూపించి మురిసిపోవడం కూడా నాకు ఇష్టం లేదు. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో గూడబాతులు వందకు పైగా రాలిపోయాయి. చెరువుల చేపల ద్వారా సోకిన పరాన్నజీవి పురుగులే కారణమని తేల్చారు. ఊరి ప్రేమకు కొరత లేదు. చెరువు నీటిని పరీక్షించే సాధనం ఊరి దగ్గర లేదు. పూచీ మోయడానికి ఊరు సిద్ధంగా ఉంది. తన వాటా తీసుకోవడానికి పైనున్నవారే సిద్ధంగా లేరు.

సముద్రం ఒడ్డునా ఇదే. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యంత్రాల పడవలతో వేట నిషేధం; చేపలు పొదిగే కాలం గనుక అది సబబే. ఆ రెండు నెలలూ పొయ్యి ఆరేది మత్స్యకారుడి ఇంట్లో. మన తీరపు మత్స్యకారులు బతుకు కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళ్ళి, 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అలాంటివాడికి తాబేలుతో సమానత్వం గురించి పాఠం చెప్పే ముందు, సొంత తీరంలో బతికే వీలు వాడికి ఎంత కల్పించామో చెప్పాలి. తాబేలుకు పుట్టినచోటికే తిరిగివచ్చే హక్కు ఉందంటున్నాం. మంచిదే.

సమానత్వం కావాలనే నేనూ అంటున్నాను. దాన్ని మనిషికీ ఏనుగుకూ మధ్య వెతకడం మాని, ఏనుగు ఖర్చును పంచుకునే మనుషుల మధ్య వెతకమంటున్నాను. అది దొరికిన రోజున ఏనుగు కూడా బతుకుతుంది, ఎందుకంటే నష్టపోని రైతు కంచెకు కరెంటు పెట్టడు. అది దొరకనంత కాలం ఎన్ని తీర్పులు వచ్చినా, ఎన్ని కవితలు రాసినా, ఏనుగూ రైతూ ఒకరి చేతిలో ఒకరు చస్తూనే ఉంటారు. దూరంగా కూర్చున్నవారు ఇద్దరికీ సమానంగా సంతాపం తెలుపుతూ ఉంటారు.

సకల జీవ సమానత్వాన్ని నమ్మే మిత్రులు చాలామంది ఉన్నారని తెలుసు. వారి మనసు మంచిదనీ తెలుసు. నన్ను ఖండించదలచినవారు తప్పక ఖండించండి. ఒక్క మనవి: జవాబు మొదలుపెట్టే ముందు, రాత్రి ఏనుగులు వచ్చి వెళ్ళిన చేను గట్టున తెల్లవారి నిలబడిన రైతుకు మీ సిద్ధాంతం ప్రకారం ఏం చెప్పాలో, ఎంత ఇవ్వాలో, ఆ డబ్బు ఎవరు ఇవ్వాలో రాయండి. తక్కిన విషయాలు ఆ తర్వాత మాట్లాడుకుందాం.